పరాయి దేశంలో ఫ్యాక్టరీ పెట్టాలనుకుంటే: రాజకీయ, భద్రతా రిస్కు లెక్క వేసుకోవడం ఎలా

మా మేనల్లుడికి పలాస పక్కన కాశీబుగ్గలో జీడిపప్పు ఫ్యాక్టరీ ఉంది. సంక్రాంతి వెళ్లిన వారానికి ఒక రాత్రి ఫోన్లో వీడియో పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. పశ్చిమ ఆఫ్రికాలోని బెనిన్ దేశం, కోటోనూ ఊరికి దగ్గర్లో గ్లో-జిగ్బే అనే పారిశ్రామిక వాడ. తారు రోడ్లు, వరసగా షెడ్లు, లోపలే కస్టమ్స్ ఆఫీసు. "జీడిపిక్కలు ఇక్కడికి తెప్పించుకోవడం ఎందుకు మావయ్యా, అక్కడే ఫ్యాక్టరీ పెట్టేద్దాం" అన్నాడు. రేపు అక్కడి ప్రభుత్వం మాట మారిస్తే ఏం చేస్తావని అడిగాను. "ఏటి మావయ్యా, నీకు అన్నిటికీ భయమే" అని నవ్వేశాడు.

నవ్వితే నవ్వనివ్వండి. పలాస వ్యాపారుల లెక్కలు రాస్తూనే నా జుట్టు తెల్లబడింది. ఉద్దానం పంట మార్చి నుంచి మే దాకా. దానిమీద ఫ్యాక్టరీ ఏడాదంతా నడవదు. 2018 అక్టోబర్ 11న తితలీ తుఫాను వచ్చి జీడితోటలు కూలిపోయాక ఆ పంట మీద భరోసా ఇంకా తగ్గింది. అందుకని ఆఫ్రికా వైపు చూడక తప్పదు. వద్దని చెప్పడానికి ఇది రాయడం లేదు. మా వాడిని కూర్చోబెట్టి నాలుగు రాత్రులు చేయించిన లెక్క మీకూ పనికొస్తుందని రాస్తున్నాను. మీది జీడిపప్పు కాకపోయినా, గ్రానైటో రొయ్యలో అయినా పద్ధతి ఇదే.

ముందు ఒకటి వదిలేయండి. "ఆ దేశం మంచిదేనా?" అని అడగొద్దు. దానికి జవాబు ఉండదు. నా డబ్బు ఏ నెలలో, ఏ ఊళ్లో, ఎవరి చేతిలో ఉంటుందన్నదే మీరు అడగాల్సింది.

మొదటి పని: డబ్బు నడిచే దారి గీయండి

ఒక తెల్లకాగితం అడ్డంగా పెట్టుకోండి. ఎడమ చివర మీ బ్యాంకు, కుడి చివర కూడా మీ బ్యాంకే. వెళ్లిన డబ్బు తిరిగి రావాలి కదా. మధ్యలో అది ఆగే ప్రతి చోటా ఒక చుక్క పెట్టండి. పిక్కలు కొనడం వరకే అయితే: అడ్వాన్సు, ఏజెంటు, పల్లెల్లో కొనుగోలు, గోదాం, లారీ, పోర్టు, ఓడ, విశాఖ. ఫ్యాక్టరీ అయితే వీటికి తోడు భూమి లీజు, షెడ్డు, మెషిన్లు, కూలీలు, పప్పు అమ్మకం, వచ్చిన డాలర్లు, లాభం ఇంటికి పంపడం.

ప్రతి చుక్క కింద మూడు రాయండి. ఇక్కడ నా సొమ్ము ఎంత ఉంటుంది? ఎన్నాళ్లు ఉంటుంది? ఇది ముందుకు కదలాలంటే ఎవరి సంతకం కావాలి?

మా వాడి కాగితంలో పద్నాలుగు చుక్కలు వచ్చాయి. అందులో తొమ్మిదింటికి ప్రభుత్వ సంతకం కావాలి. అది చూశాక వాడి నవ్వు కాస్త తగ్గింది. బస్తాల్లో ఉన్న సొమ్ము నెలన్నరలో చేతికొస్తుంది. షెడ్డులో పెట్టిన సొమ్ముకి ఏడెనిమిదేళ్లు పడుతుంది. రెండూ ఒకే దేశంలో ఉన్నా ఒకే రిస్కు కాదు. గొడవలొస్తే బస్తాలు తక్కువకైనా అమ్ముకుని బయటపడొచ్చు, బాయిలర్‌ని భుజాన వేసుకుని రాలేం కదా.

ఈ కాగితం గీయకుండా దెబ్బతిన్నవాళ్లలో నేనూ ఉన్నాను. చాలా ఏళ్ల కింద నలుగురు ఫ్యాక్టరీవాళ్లతో కలిసి నేనూ కొంత పెట్టి పశ్చిమ ఆఫ్రికాలోనే ఉన్న గినీ-బిసావు పిక్కలకి అడ్వాన్సు ఇచ్చాం. ఆ దేశం ఎగుమతుల్లో చాలా భాగం జీడిపిక్కలే, పిక్క కూడా నాణ్యమైనది. సరుకు పోర్టు దాకా వచ్చింది. ఎగుమతి అనుమతి కాగితం మాత్రం రాలేదు. ఈ వారం, వచ్చే వారం అంటుండగానే జూన్ వచ్చి అక్కడ వానలు పట్టుకున్నాయి. చివరికి సరుకు ఇక్కడికి చేరాక మా గోదాంలో కిలో శాంపిల్ తీసి, పిక్కలు లెక్కపెట్టి, ఒక్కొక్కటీ కత్తిరించి చూశాం. నల్లమచ్చ, ముడత, బూజు. ఎనభై కిలోల బస్తాకి 52 పౌండ్ల పప్పు ఔట్‌టర్న్ (అంటే పిక్కల్లోంచి దిగే మంచి పప్పు) అని కొన్న సరుకు 46కి పడిపోయింది. ఎవడూ దొంగతనం చేయలేదు, తుపాకీ పేలలేదు. రాజకీయ రిస్కు అంటే టీవీలో ట్యాంకులే కనిపించాలని లేదు, సంతకం ఆలస్యమైనా చాలని ఆ రోజు అర్థమైంది.

రెండో పని: సంతకం పెట్టినవాడు దిగిపోతే ఏమవుతుందో చూడండి

దీనికి మన దగ్గరి ఉదాహరణే ఉంది. జీఎంఆర్ గ్రూపు పెట్టిన గ్రంధి మల్లికార్జునరావుది రాజాం. అప్పట్లో శ్రీకాకుళం జిల్లా, 2022 నుంచి విజయనగరం జిల్లా. ఆ గ్రూపు మలేసియా కంపెనీతో కలిసి 2010 జూన్‌లో మాల్దీవుల రాజధాని మాలే విమానాశ్రయాన్ని 25 ఏళ్లకు తీసుకుంది. టెండరుకి సలహాదారు ప్రపంచ బ్యాంకు గ్రూపులోని ఐఎఫ్‌సీ. ఇంతకంటే గట్టి పునాది ఏముంటుందని ఎవరైనా అనుకుంటారు.

ఒప్పందం ప్రకారం విదేశాలకి విమానం ఎక్కే ప్రతి ప్రయాణికుడి దగ్గరా 25 డాలర్ల అభివృద్ధి రుసుం వసూలు చేసుకోవచ్చు. 2011 డిసెంబర్‌లో అక్కడి సివిల్ కోర్టు అది చెల్లదంది. 2012 ఫిబ్రవరిలో, ఒప్పందం కుదిరినప్పుడు అధ్యక్షుడుగా ఉన్న మహమ్మద్ నషీద్ రాజీనామా చేశారు. అదే ఏడాది నవంబర్‌లో కొత్త ప్రభుత్వం అసలు ఒప్పందమే మొదటి నుంచీ చెల్లదని ప్రకటించి, ఖాళీ చేయడానికి వారం గడువిచ్చింది. కంపెనీ సింగపూర్ హైకోర్టు నుంచి స్టే తెచ్చుకుంది. డిసెంబర్ 6న సింగపూర్ అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసింది. సార్వభౌమ ప్రభుత్వం తన విమానాశ్రయాన్ని తాను తీసుకోకుండా ఆపలేం, నష్టపరిహారం సంగతి వేరే అని తేల్చింది.

ఆ నష్టపరిహారమే కంపెనీని కాపాడింది. తగాదా వస్తే సింగపూర్‌లో మధ్యవర్తిత్వమని ఒప్పందంలో ఉంది. 2014లో ట్రిబ్యునల్ ఒప్పందం చెల్లుతుందని చెప్పింది, 2016లో దాదాపు 27 కోట్ల డాలర్లు చేతికొచ్చాయి. అంటే నాలుగేళ్లు. అంత పెద్ద గ్రూపు కాబట్టి నాలుగేళ్లు ఆగగలిగింది. మీరు ఎన్నాళ్లు ఆగగలరు? కాగితం వెనక ఆ అంకె కూడా రాయండి. మా వాడు "ఎనిమిది నెలలు" అని రాసి, కాసేపు ఆలోచించి, కొట్టేసి "అయిదు" అని రాశాడు.

ఈ కేసు నుంచి మీరు నేరుగా వాడుకోవాల్సిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. మీ ఒప్పందం మీద అక్కడి ప్రతిపక్షం ఏమంటోంది? అది పార్లమెంటు గడప తొక్కిందా, మంత్రి గదిలోనే ముగిసిందా? మీ రాబడిలో పెద్ద భాగం ఒక్క రుసుం మీదో ఒక్క పన్ను రాయితీ మీదో నిలబడిందా? అలాగైతే ఆ ఒక్క కాలు విరిస్తే చాలు. తగాదా వస్తే ఎక్కడి కోర్టు, ఎక్కడి చట్టం? ఆ చివరి ప్రశ్నకి "అక్కడి జిల్లా కోర్టు" అని జవాబు వస్తే, ఎంత మంచి లీజైనా నేను సంతకం పెట్టనివ్వను.

మూడో పని: మీ సరుకు అక్కడ ఓట్ల సరుకేమో తెలుసుకోండి

విమానాశ్రయాల సంగతి పెద్దవాళ్లది. మనలాంటివాళ్లని ముంచేది పంట రాజకీయం.

2018 నవంబర్‌లో టాంజానియాలో ఏం జరిగిందో చూడండి. వ్యాపారులు చెప్పిన ధర మరీ తక్కువని రైతులు పిక్కలు అమ్మలేదు. అధ్యక్షుడు జాన్ మగుఫులి వ్యాపారులని పక్కకి తోసేసి, కిలోకి 3,300 షిల్లింగులిచ్చి పంటంతా ప్రభుత్వమే కొంటుందని చెప్పి, సరుకు ఎత్తడానికి సైన్యాన్ని లారీలతో పంపారు. అక్టోబర్ నుంచి టాంజానియా పిక్క వస్తుందని లెక్క వేసుకున్న ఫ్యాక్టరీల పరిస్థితి ఊహించుకోండి. రైతు వైపు నుంచి చూస్తే అది తప్పని కూడా అనలేం. మన దగ్గర గిట్టుబాటు ధర అడుగుతూ పలాసలో రోడ్డెక్కే ఉద్దానం రైతు అడిగేదీ అదే కదా.

ఇక బెనిన్. ముడి పిక్కలు బయటికి పోనివ్వకుండా 2024లో నిషేధం పెట్టారు, ఫ్యాక్టరీలు తమ దేశంలోనే రావాలని. పిక్కలు కొనుక్కునే పలాస వ్యాపారికి అది దెబ్బ. అక్కడ ఫ్యాక్టరీ పెట్టేవాడికి అదే ఆహ్వానం. మా వాడి ఉత్సాహమంతా ఇక్కడి నుంచే వచ్చింది. నేనన్నది ఒకటే. నిషేధం ఉన్నంతకాలం పిక్క అక్కడ చవకగా దొరుకుతుంది, నీ లాభం అందులోనే ఉంది. ఆ నిషేధం ఎత్తేస్తే నీ ఫ్యాక్టరీకి లాభం మిగులుతుందా? లెక్క వెయ్యి. వేశాడు. మిగల్లేదు. మెషిన్ల సంఖ్య తగ్గించి మళ్లీ వేశాడు. ఈసారి చాలా సన్నగా మిగిలింది. జీవోతో వచ్చిన లాభం జీవోతోనే పోతుంది. అందుకని మీ లెక్క రెండుసార్లు వేయండి, రాయితీ ఉందనుకుని ఒకసారి, లేదనుకుని ఒకసారి. రెండో లెక్కలో నష్టం వస్తే ఆ ప్రాజెక్టుని వ్యాపారం కింద కాకుండా జూదం కింద రాసుకోండి.

నాలుగో పని: డాలర్లు ఎన్ని రోజుల్లో బయటికొస్తాయి?

చట్టంలో "లాభాలు స్వదేశానికి పంపుకోవచ్చు" అనే ఉంటుంది. దాదాపు ప్రతి దేశం చట్టంలోనూ ఉంటుంది. మీరు అడగాల్సింది, ఈరోజు దరఖాస్తు పెడితే డాలరు ఏ రోజున కదులుతుందని. అక్కడ ఇప్పటికే వ్యాపారం చేస్తున్న ముగ్గురిని, వేర్వేరు బ్యాంకుల్లో ఖాతాలున్నవాళ్లని అడగండి. ముగ్గురూ ఒకే మాట చెబితే నమ్మండి.

నైజీరియాలో 2022లో టికెట్లు అమ్మిన డబ్బు బయటికి తీసుకెళ్లలేక ఎమిరేట్స్ విమానాలే ఆపేసింది. 2023 జూన్‌కి ముందు అధికారిక రేటులో డాలరుకి 470 నైరాల దగ్గరే, 2024లో అది 1,500 దాటింది. నైరాల్లో లాభం చూపించిన పుస్తకం డాలర్లలో నష్టమైపోయింది. బెనిన్, కోట్ డివార్ (ఐవరీ కోస్టు)లలో నడిచే సీఎఫ్ఏ ఫ్రాంకు వేరు. యూరోకి 655.957 దగ్గర కట్టేసి ఉంటుంది కాబట్టి రోజూ టెన్షన్ లేదు. కానీ ముడి కట్టి ఉందంటే విప్పే చెయ్యీ ఉన్నట్టే. 1994 జనవరిలో ఒక్కసారిగా దాని విలువ సగం చేశారు. రోజూ కొంచెం పడే కరెన్సీ ఒకటి, ఏ కొన్ని దశాబ్దాలకో ఒకసారి ధడాలున పడేది ఒకటి. రెండోదాన్ని మన లెక్కల పుస్తకాలు సున్నా రిస్కు అంటాయి. నేననను.

అయిదో పని: దేశం మ్యాపు పక్కన పెట్టి రోడ్డు మ్యాపు చూడండి

భద్రత దగ్గర అందరూ రెండు తప్పుల్లో ఏదో ఒకటి చేస్తారు. ఒక దాడి వార్త చదివి దేశం మొత్తాన్ని వదిలేస్తారు. లేదంటే రాజధానిలో మంచి హోటల్లో రెండు రాత్రులు పడుకుని అంతా ప్రశాంతంగా ఉందంటారు.

బెనిన్‌నే తీసుకోండి. ఉత్తర కొసన నైజర్, బుర్కినా ఫాసో సరిహద్దుల్లో సాయుధ ముఠాల దాడులున్నాయి. 2025 ఏప్రిల్‌లో ఒక దాడిలో 54 మంది సైనికులు చనిపోయారని ప్రభుత్వమే చెప్పింది. కోటోనూ సముద్రం ఒడ్డున, ఈ చివర. కానీ పిక్క ఎక్కడ పండుతుంది? పరాకూ చుట్టుపక్కల, మధ్యలో. అక్కడి నుంచి కోటోనూకి నాలుగొందల కిలోమీటర్ల పైన రోడ్డు. కాబట్టి మీరు చూడాల్సింది మూడే: దాడులు ఏడాదికేడాది పరాకూ వైపు కదులుతున్నాయా, ఆ రోడ్డు మీద చెక్‌పోస్టులు పెరుగుతున్నాయా, పరాకూకి పైన ఉన్న పల్లెల నుంచి కొనే ఏజెంటు ఈ ఏడాదీ వెళ్తున్నాడా.

దీనికి ఆక్లెడ్ అనే సంస్థ సమాచారం పనికొస్తుంది. ఏ తేదీన ఏ చోట దాడి జరిగింది, ఎంతమంది పోయారు అన్నది దేశాలవారీగా ఉంటుంది. మూడేళ్ల దాడులు తీసి మ్యాపు మీద ఏడాదికో రంగు చుక్కలు పెట్టండి. చుక్కలు ఎటు కదులుతున్నాయో కంటికే తెలుస్తుంది. మొజాంబిక్‌లో ఇలాగే చూసి ఉంటే తెలిసేది. కాబో డెల్గాడో ప్రాంతంలో 2017 అక్టోబర్‌లో మొదలైన దాడులు 2021 మార్చిలో పాల్మా ఊరి మీదకి వచ్చాయి. పక్కనే టోటల్ కంపెనీ పెడుతున్న 2,000 కోట్ల డాలర్ల గ్యాస్ ప్రాజెక్టు ఆగిపోయింది. మూడేళ్లకి పైగా చుక్కలు దగ్గరికొస్తూనే ఉన్నాయి.

మ్యాపు తర్వాత మీ సరుకు పోర్టుకి చేర్చే ట్రాన్సిట్ ఏజెంటుకి ఫోన్ చేయండి. సెక్యూరిటీ ఎలా ఉందని అడిగితే బాగుందనే అంటాడు. ఇలా అడగండి: పోయిన సీజన్‌లో మీ లారీ ఏదైనా ఒక రోజు కంటే ఎక్కువ ఆగిందా? ఎక్కడ? ఎవరు ఆపారు? డ్రైవర్లు రాత్రిపూట నడుపుతున్నారా? లారీ ఇన్సూరెన్సు పోయినేడాది ఎంత, ఇప్పుడెంత? వీటికి అబద్ధం చెప్పడం కొంచెం కష్టం.

సైనిక తిరుగుబాట్ల సంగతి కూడా ఇక్కడే. 2023 జూలై 26న నైజర్‌లో సైన్యం అధికారం తీసుకుంది. ఆ దేశంలో మీకు పైసా లేకపోవచ్చు. కానీ పొరుగు దేశాలు ఆంక్షలు పెట్టి సరిహద్దు మూసేస్తే బెనిన్ వైపు లారీలు బారులు తీరాయి. గినీ-బిసావులో 2025 నవంబర్‌లో ఎన్నికల ఫలితాలు ప్రకటించే ముందురోజు సైన్యం దిగింది. అదే ఏడాది డిసెంబర్‌లో బెనిన్‌లోనూ కొందరు సైనికులు టీవీలో కనిపించి ప్రభుత్వాన్ని దించేశామన్నారు, ఆ ప్రయత్నం విఫలమైంది. కాబట్టి ఒక క్యాలెండరు తీసుకుని ఎన్నికలు, ఫలితాలు, బడ్జెట్, పంట సీజన్ అన్నీ దాని మీదే గుర్తు పెట్టండి. ఎన్నికలూ అడ్వాన్సులూ ఒకే నెలలో పడితే అడ్వాన్సులు వాయిదా వేయండి.

ఆరో పని: పక్క ఊరి మాట

దీనికి మనం ఆఫ్రికా దాకా వెళ్లక్కర్లేదు. మన శ్రీకాకుళం జిల్లా సోంపేట బీల (చిత్తడి నేల) గుర్తుందా? 2,640 మెగావాట్ల థర్మల్ ప్లాంటు. కాగితాల్లో అన్నీ ఉన్నాయి. భూమి, పర్యావరణ అనుమతి, సర్కారు మద్దతు. బీల మాత్రం కాగితాల్లో పనికిరాని భూమి, మత్స్యకారులకీ రైతులకీ అదే చేప, అదే నీరు. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ ఆ అనుమతిని రద్దు చేసింది. ఏడు నెలలకి కాకరాపల్లిలో ఇంకో థర్మల్ ప్లాంటు గొడవలో మళ్లీ కాల్పులు. ఆ జూలై 13న ఏ విదేశీ కన్సల్టెంటు రాసినా "అనుమతులు పూర్తి, రిస్కు తక్కువ" అనే రాసుండేవాడు. సోంపేట బస్టాండులో టీ తాగినవాడికి అసలు సంగతి తెలుసు.

మీరు పెట్టబోయే చోట మీరే ఆ విదేశీ కన్సల్టెంటు. లీజు ఇచ్చింది ప్రభుత్వమే కావచ్చు, కానీ ఆ నేల మీద నిన్నటిదాకా ఎవరి పశువులు మేశాయి, ఎవరు కట్టెలు ఏరుకున్నారు? వాళ్లకి ఏమిచ్చారు, ఎవరి చేతికిచ్చారు? పనిలోకి ఏ ఊరివాళ్లని తీసుకుంటే ఏ ఊరివాళ్లకి కోపం? అక్కడ రెండు వారాలైనా ఉండండి, సంత రోజు సంతకి వెళ్లండి. మంత్రిగారితో ఫోటో దిగే పని చివరి రోజుకి పెట్టుకోండి.

ఏడో పని: తూకం వేయండి, సగటు తీయొద్దు

రేటింగులు ఉంటాయి. ధనిక దేశాల కూటమి ఓఈసీడీ వాళ్లు దేశాలకి 0 నుంచి 7 దాకా మార్కులు వేస్తారు, ఎక్కువైతే రిస్కెక్కువ. చూడండి, కానీ అవి దేశం అప్పు తీర్చే సంగతి చెబుతాయి, పరాకూ రోడ్డు సంగతి చెప్పవు. నలభై పేజీల రంగుల రిపోర్టులైతే చివరికి అన్నీ కలిపి "మధ్యస్థం" అంటాయి. అయిదు చుక్కలు బాగుండి ఒక చుక్క దగ్గర డబ్బంతా పోయేలా ఉంటే అది మధ్యస్థం ఎలా అవుతుంది?

మీ కాగితం మీద ప్రతి చుక్కకీ రెండే రాయండి: పన్నెండు నెలల్లో ఇది ఆగడానికి అవకాశం తక్కువా, సగమా, ఎక్కువా, ఆగితే ఎన్ని లక్షలు. ఏ ఒక్క చుక్క దగ్గర ఆగినా ఇల్లు తాకట్టు పెట్టాల్సి వస్తే, మిగతావి ఎంత పచ్చగా ఉన్నా అక్కడ ఆగిపోండి. ముందు ఆ చుక్క దగ్గర సొమ్ము తగ్గించాలి.

ఎనిమిదో పని: గొడుగులు

మన ప్రభుత్వ సంస్థ ఈసీజీసీ ఎగుమతులకే కాదు, విదేశాల్లో పెట్టుబడికీ బీమా ఇస్తుంది. యుద్ధం, ప్రభుత్వం ఆస్తి లాక్కోవడం, డబ్బు పంపనివ్వకపోవడం లాంటివి అందులోకి వస్తాయి. ప్రపంచ బ్యాంకు గ్రూపులోని మీగా వీటితో పాటు ప్రభుత్వం ఒప్పందం తప్పడాన్నీ కవర్ చేస్తుంది. గొడవ మొదలయ్యాక అడిగితే ఎవరూ ఇవ్వరు. ఇల్లు కాలుతుంటే ఫైర్ పాలసీ అడిగినట్టు ఉంటుంది.

పెట్టుబడి రక్షణ ఒప్పందం ఉంది కదా అనుకోకండి. 2016 తర్వాత భారత్ చాలా దేశాలతో పాత ఒప్పందాలని రద్దు చేసుకుంది. మీరు వెళ్లే దేశంతో ఇవాళ అమల్లో ఉందో లేదో లాయరుతో రాతపూర్వకంగా చెప్పించుకోండి. ఇటువైపు రిజర్వ్ బ్యాంకు నిబంధనలున్నాయి. 2022 ఆగస్టు నుంచి కొత్తవి. డబ్బు మీ బ్యాంకు ద్వారానే వెళ్లాలి, ఫారం ఎఫ్‌సీ ఇచ్చి గుర్తింపు సంఖ్య తీసుకోవాలి, ఏటా డిసెంబర్ 31లోగా అక్కడి కంపెనీ పనితీరు నివేదిక ఇవ్వాలి. అక్కడి ప్రభుత్వం గురించి భయపడుతూ ఇక్కడి ఫారం మరిచిపోయి లేట్ ఫీజు కట్టినవాళ్లు నాకు తెలుసు.

చివరిగా: వెనక్కొచ్చే దారి

డబ్బు పంపే ముందే రాసుకోండి: ఏం జరిగితే ఆపేస్తాను? "పరిస్థితి విషమిస్తే" అని రాయకండి, అప్పుడు మీకు మీరే సర్ది చెప్పుకుంటారు. మా వాడి చేత ఇలా రాయించాను. డాలర్లు 60 రోజులు దాటి రాకపోతే కొత్త అడ్వాన్సు ఆపాలి. పరాకూ రోడ్డు మీద వారం పాటు లారీలు నడవకపోతే గోదాంలో ఉన్నది అమ్మేయాలి. పిక్కల నిషేధం ఎత్తేస్తే రెండో లైను మెషిన్లు ఆర్డరు చేయకూడదు. కింద తేదీ, సంతకం. పక్కన వాళ్లావిడ సంతకం కూడా పెట్టించాను, ఎందుకంటే పలాసలో ఇల్లు ఆవిడ పేరు మీద ఉంది.

నాలుగో రాత్రికి ప్లాను మారింది. ఈ సీజన్‌కి సొంత షెడ్డు లేదు. అక్కడే ఉన్న ఒక ఫ్యాక్టరీలో కూలి మీద పప్పు కొట్టించి, రెండు కంటైనర్లు తెప్పించి, ఔట్‌టర్నూ డాలర్లూ అనుమతులూ ఏవి ఎన్ని రోజులు తీసుకున్నాయో చూస్తాడు. కాగితం మడిచి బిల్లుల ఫైల్లో పెట్టుకున్నాడు. జూన్ చివర, అక్కడ వానలు మొదలయ్యాక, ఇద్దరం కూర్చుని ప్రతి చుక్క పక్కన అసలు రోజులు ఎర్ర పెన్నుతో రాయాలి.